వెలగపండు వెల ఎంత?

"అత్తమ్మా, ఈ లెక్క జర చూడవా?"

పెద్దపల్లిలో పుట్టింటికి వెళ్లిన రెండో రోజు సాయంత్రం మా అన్న కూతురు నోటుపుస్తకం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. పదో తరగతి చదువుతోంది. మర్నాడు పరీక్షట.

నా గుండె గుభేలుమంది. కథలో ఎన్ని చిక్కుముళ్లైనా వేస్తాను, వేసినవి ఎలాగో ఒకలాగా విప్పుతాను. ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని ఏ బస్టాండులోనో కలపమంటే రెండు పేజీల్లో కలిపేస్తాను. కాని ఎక్స్ అని ఒకరు, వై అని ఒకరు పక్కపక్కన నిలబడితే మాత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

దీనికో పాత కథ ఉంది. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఒకాయన, నేను బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని తడబడుతుంటే, "పోనీలేమ్మా, ఆడపిల్లవు. ముందు ముందు ఆర్ట్స్ తీసుకో, హాయిగా పాసవుతావు" అన్నారు. కోపంతో అని ఉంటే నాకూ పట్టుదల పెరిగేదేమో! దయతో అన్నారు. ఆ దయే నన్ను ముంచింది. ఆర్ట్సే తీసుకున్నాను, హాయిగానే పాసయ్యాను. కాని "నాకు లెక్కలు రావు" అన్న మాటను ముప్పై ఏళ్లుగా ముక్కుపుడకలాగా పెట్టుకు తిరుగుతున్నాను, అదేదో నగ అయినట్టు!

"డాడీ వచ్చినంక అడుగవే" అన్నాను తప్పించుకోవడానికి. మా అన్న రైల్వేలో స్టేషను మాస్టరు.

"డాడీ వచ్చేసరికి పది దాటుతది. అయినా నాకు చెయ్యొస్తది అత్తమ్మా. ఎందుకు చేస్తున్నమో తెలుస్తలేదు. ఈ ఎక్స్ ఎవరు? లెక్క చేసినంక మళ్లీ ఈ గీతలెందుకు?"

నేనూ ఆ రోజుల్లో అడగాలనుకున్న ప్రశ్నలు సరిగ్గా ఇవే. అడిగే ధైర్యం లేకపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిందీ, ఆ తర్వాత ఊరుకోలేక లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్నదీ కలిపి చెబుతున్నాను. నాలాగా ఎక్స్‌ను చూసి పారిపోయినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు కదా!

సమీకరణం అంటే సమం చెయ్యడం. అంతకు మించి ఏమీ లేదు. కూరగాయల తక్కెడ చూడండి. రెండు పళ్లేలూ సమంగా నిలిచాయంటే అటు ఎంతుందో ఇటూ అంతే ఉంది. అటు నుంచి ఒక వంకాయ తీస్తే ఇటు నుంచీ అంత బరువు తియ్యాలి. లేదా తక్కెడ ఒరుగుతుంది. మనం 'ఈజ్ ఈక్వల్ టు' అని పెట్టే రెండు చిన్న గీతలే ఆ తక్కెడ ముల్లు. ఆ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వైద్యుడు మొదట అచ్చులో వాడాడు. పక్కపక్కన గీసిన రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి లోకంలో ఇంకేముంటాయని ఆయన వాదన.

ఆల్జీబ్రా అన్న మాట మాత్రం అరబ్బీది. 820 ప్రాంతాల్లో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఒక గ్రంథం రాశాడు. దాని పేరులో 'అల్ జబ్ర్' అనీ 'ముకాబలా' అనీ రెండు మాటలున్నాయి. జబ్ర్ అంటే చెదిరినదాన్ని తిరిగి నిలపడం, విరిగినదాన్ని అతికించడం. ముకాబలా అంటే ఎదురెదురుగా పెట్టి సరిచూడడం. స్పెయిన్ దేశంలో పూర్వం ఎముకలు కట్టే వైద్యుణ్ణి 'అల్జెబ్రిస్తా' అనేవారు. ఆల్జీబ్రా పేరు చెప్తేనే నాకు ఎముకలు విరిగినట్టుండేది కాని, అది అతికించే విద్య అని ఇన్నాళ్లకు తెలిసింది!

ఆ అరబ్బీ మాటలు చదువుతుంటే మా తాత గుర్తుకొచ్చాడు. నిజాం కాలంలో చదువుకున్నవాడు. ఆల్జీబ్రా అనేవాడు కాడు, 'జబ్రో ముకాబలా' అనేవాడు. సమీకరణాన్ని 'ముసావాత్' అనీ, సరళరేఖను 'ఖత్తె ముస్తఖీమ్' అనీ అనేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, హైస్కూల్లో లెక్క చేసేది ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో పై చదువులన్నీ చెప్పాలన్న సాహసం అది. అందుకోసం 1917లోనే ఒక అనువాద శాఖను పెట్టి గణితమూ సైన్సూ ఉర్దూలోకి తెచ్చారు. గొప్ప పనే. కాని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో తల్లి జోలపాడే భాష అది కాదు. పిల్లవాడు ముందు భాష నేర్చుకోవాలి, తర్వాత లెక్క నేర్చుకోవాలి. మా తాత రెండూ నేర్చుకున్నాడు. మా నానమ్మకు ఒక్కటీ దక్కలేదు.

ఇక ఎక్స్ ఎవరన్న ప్రశ్నకు వద్దాం. ఎక్స్ అంటే మనకింకా తెలియనిది. తెలియనిదాన్ని చూసి భయపడకుండా దానికో పేరు పెట్టి పిలవడమే బీజగణితంలో మొదటి తెలివి. 628లో బ్రహ్మగుప్తుడు ఇలాంటి లెక్కలకు పద్ధతులు చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితం రాశాడు. మొదటి తెలియని రాశిని మనవాళ్లు 'యావత్తావత్' అన్నారు. ఎంతైతే అంత అన్నమాట! ఎంత నిజాయితీ గల పేరో చూడండి. తెలియనివి ఇంకా ఉంటే వాటికి రంగుల పేర్లు పెట్టారు. కాలకం నలుపు, నీలకం నీలం, పీతకం పసుపు, లోహితకం ఎరుపు. మాస్టారు ఎక్స్, వై అనకుండా నల్లది ఎంత, నీలిది ఎంత అని అడిగి ఉంటే చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని చేసేదాన్ని! ఎక్స్, వై అన్న అలవాటు 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ పుస్తకం నుంచి వచ్చింది.

మన పూర్వులు లెక్కలకు ఎంచుకున్న సందర్భాలు కూడా చిత్రంగా ఉంటాయి. శ్రీధరాచార్యుడి లెక్క ఒకటుంది. సరసంలో ఒక యువతి ముత్యాల దండ తెగిపోయింది. మూడో వంతు ముత్యాలు నేలమీద పడ్డాయి, అయిదో వంతు పరుపు మీద పడ్డాయి. ఆరో వంతు ఆమె పట్టుకుంది, పదో వంతు ప్రియుడు ఏరాడు. దారానికి ఆరే మిగిలాయి. దండలో మొత్తం ఎన్ని? ముప్పై. పది, ఆరు, అయిదు, మూడు కలిపితే ఇరవైనాలుగు, మిగిలినవి ఆరు. సరిపోయింది. ఇక్కడ తెలియనిది ఒక్కటే కనుక ఒక్క సమీకరణం చాలు.

తెలియనివి రెండుంటే? అప్పుడు కబుర్లు కూడా రెండు కావాలి. దానికి చక్కని ఉదాహరణ మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహంలో దొరికింది. 850 ప్రాంతంలో రాసిన సంస్కృత గ్రంథం. ఎం.రంగాచార్య గారు దాన్ని ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చు వేయించారు. లోకంలో ఏ పనీ గణితం లేకుండా సాగదంటూ మొదట్లోనే ఒక జాబితా ఇస్తాడాయన. సంగీతం, నాటకం, వైద్యం, వాస్తు... వాటి నడుమ వంట కూడా ఉంది! పన్నెండు వందల ఏళ్ల కిందటి గణిత పండితుడు మన వంటింటిని లెక్కలోకి తీసుకున్నాడంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఈ మహావీరుడెక్కడ, మన కరీంనగరెక్కడ అంటారా? ఆయన జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుణ్ణి గ్రంథంలో స్తుతించాడు. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటం, ఇప్పటి కర్ణాటకలోని మల్ఖేడ్. ఆ రాష్ట్రకూటులకు సామంతులే మన వేములవాడ చాళుక్యులు. తరువాతి శతాబ్దంలో వేములవాడలో రెండో అరికేసరి కొలువులో ఉన్న కన్నడ కవి పంపడూ జైనుడే. పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కుర్క్యాల బొమ్మలగుట్ట మీద జైన శిల్పాలు చెక్కించి, 945 ప్రాంతంలో మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కంద పద్యాలు అందులోనివే. మహావీరుడి లెక్కలు పుట్టిన రాజ్యమూ, మన కంద పద్యం రాతికెక్కిన రాజ్యమూ ఒకే ఛత్రం కిందివి. ఆ గణిత గ్రంథాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే.

లెక్క ఇదీ. తొమ్మిది మాదీఫలాలూ ఏడు వెలగపండ్లూ కలిపి వెల 107. ఏడు మాదీఫలాలూ తొమ్మిది వెలగపండ్లూ కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల ఎంత?

మర్నాడు పరీక్షకు ఇలాంటి లెక్కే తప్పకుండా వస్తుందని మా కోడలు పుస్తకంలోంచి ఏరి పెట్టుకున్నవాటిలో ఇది కూడా ఉంది. ఎప్పటిదో తెలియకుండానే! అది పైకి చదువుతుంటే మా అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది. అమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. తమ్ముళ్లను చూసుకోవాలని మాన్పించారు.

"రెండు బేరాలు కలుపుండ్రి" అంది అమ్మ, తల ఎత్తకుండానే.

"ఏంది నానమ్మా?"

"కలుపుమంటున్న. అవి పదహారు, ఇవి పదహారు అయితయి. పైసలు రెండొందల ఎనిమిది. అంటే ఒకటి గది, ఒకటి గిది, జతకు పదమూడు."

నేనూ కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మొదటామె మాదీఫలాలు రెండు ఎక్కువ తీసుకున్నది, వెలగపండ్లు రెండు తక్కువ తీసుకున్నది. ఆరు రూపాయలు ఎక్కువిచ్చింది. అంటే దానికీ దీనికీ మూడు రూపాయలు తేడా. జత పదమూడు, తేడా మూడు. గదెంత పని? ఎనిమిది, అయిదు." అని చిక్కుడుగింజలు చేటలో పోసుకుంది.

సరిచూశాం. తొమ్మిది ఎనిమిదులు డెబ్బైరెండు, ఏడు అయిదులు ముప్పై అయిదు, మొత్తం 107. అటు యాభైఆరు, నలభై అయిదు, మొత్తం 101. మాదీఫలం ఎనిమిది, వెలగపండు అయిదు. పుస్తకం చెప్పే పద్ధతి ఒకటి, మహావీరుడు చెప్పిన సూత్రం ఇంకొకటి, అంగట్లో బేరాలాడి నేర్చిన మా అమ్మ పద్ధతి వేరొకటి. జవాబు మాత్రం ఒక్కటే.

"అమ్మా, ఇది ఎవరు నేర్పిండ్రు?" అన్నాను.

"ఎవరు నేర్పుతరు? అంగడికి పోయొచ్చిన ఆడోళ్లు పైసలు చెప్తరు గాని ధర చెప్పరు. నేనే తీసుకునేదాన్ని" అంది.

జవాబొచ్చేసింది. మరి గీతలెందుకు? మహావీరుడికీ భాస్కరుడికీ ఈ గీతలు లేవు. సమీకరణాన్ని బొమ్మగా చూడవచ్చునన్నది 1637లో డెకార్ట్ పుస్తకంతో లోకానికి తెలిసింది. ఆ కాలంలోనే ఫెర్మా అనే మరో ఫ్రెంచివాడూ ఇదే దారి పట్టాడు. పద్ధతి ఇదీ. గళ్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. అడ్డం మాదీఫలం వెల, నిలువు వెలగపండు వెల. ఇప్పుడు మొదటామె బేరం ఒక్కటే మనకు తెలుసనుకోండి. మాదీఫలం ఒక్క రూపాయే అయితే వెలగపండు పద్నాలుగు కావాలి, అప్పుడే 107 అవుతుంది. మాదీఫలం ఎనిమిదైతే వెలగపండు అయిదు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గక తప్పదు, అదీ ఒకే తీరున. ఇలా కుదిరే జతలన్నిటికీ చుక్కలు పెడితే అవి ఒకే వరసలో నిలబడి తిన్నని గీత అవుతాయి. రేఖీయ సమీకరణం అన్న పేరు అందుకే వచ్చింది. మార్పు ఒకే తీరున జరిగితే గీత ఎక్కడా వంగదు.

అంటే ఒక్క గీత మీద ఉన్న చుక్కలన్నీ కుదిరే జవాబులే. అందులో అసలుది ఏదో చెప్పలేం. రెండో ఆమె బేరం కూడా గీస్తే ఇంకో గీత వచ్చింది. రెండు గీతలూ ఒక్కచోటే కలిశాయి. ఇద్దరి మాటా నిజమయ్యే చోటు అదొక్కటే. అడ్డం ఎనిమిది, నిలువు అయిదు.

"గీతలు కలవకపోతేనో?" అంది కోడలు.

దానికీ అమ్మ లెక్కే పనికొచ్చింది. ఒకామె రెండు నిమ్మకాయలు, మూడు జామకాయలు ఇరవై రూపాయలకు కొంది. ఇంకొకామె నాలుగు నిమ్మకాయలు, ఆరు జామకాయలు యాభై రూపాయలకు కొంది. అన్నీ రెట్టింపు, కనుక నలభై కావాలి. ఈ రెండు గీతలు రైలు పట్టాల్లాగా పక్కపక్కనే పోతాయి తప్ప కలవవు. జవాబు లేదు. "జవాబు లేకేంది? రెండో దాన్ని మోసం చేసిండు" అంది అమ్మ. ఒకవేళ రెండో ఆమె నలభయ్యే ఇచ్చి ఉంటే? అప్పుడు ఒక గీత మీదే ఇంకో గీత పడుతుంది. చెప్పిన కబురే మళ్లీ చెప్పినట్టు, మనకు కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

పదింటికి అన్న వచ్చాడు. అన్నం తింటూ మా గళ్ల కాగితం చూసి నవ్వాడు. "మా కంట్రోలు ఆఫీసులో దినాం నడిచేదిదే గదా!" అన్నాడు.

కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ అడవుల గుండా బల్లార్షా చేరే రైలు దారి నిజాం కాలంలో పూర్తయింది. 1929లో ఆ దారి కలిశాకే మద్రాసుకూ ఢిల్లీకీ సూటిగా రైలు మార్గం ఏర్పడింది. పాత కరీంనగర్ జిల్లాకూ పాత ఆదిలాబాద్ జిల్లాకూ బయటి లోకపు గుమ్మం అదే. ఈ జిల్లాలు 2016లో చీలి పెద్దపల్లి, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ లాంటి కొత్త పేర్లు వచ్చినా గుమ్మం మారలేదు.

ఆ దారిలో నడిచే ప్రతి రైలూ కంట్రోలు చార్టులో ఒక గీత. అడ్డంగా టైము, నిలువుగా వరసగా స్టేషన్లు. రైలు వేగంగా పోతే గీత నిటారుగా లేస్తుంది, నెమ్మదిగా పోతే వాలుతుంది. స్టేషనులో ఆగితే గీత అడ్డంగా సాగుతుంది, దూరం మారదు, టైము మాత్రం పోతుంది కనుక. ఒకప్పుడు పెన్సిలూ స్కేలూ పట్టుకుని గీసేవారు, ఇప్పుడు కంప్యూటరు గీస్తోంది. అన్న మా కాగితం వెనక్కి తిప్పి ఒక లెక్క వేశాడు. రెండు ఊళ్ల మధ్య 90 కిలోమీటర్లు. ఇటు నుంచి ప్యాసింజరు గంటకు 30 చొప్పున, అటు నుంచి ఎక్స్‌ప్రెస్ 60 చొప్పున ఒకేసారి బయలుదేరాయి. ఒక గీత పైకి, ఒక గీత కిందికి. గంట తర్వాత, మన ఊరికి 30 కిలోమీటర్ల దగ్గర రెండూ కలిశాయి.

"రెండు లైన్లున్నచోట ఎక్కడ కలిసినా ఫరవాలేదు" అన్నాడు అన్న. "ఒకటే లైనున్నచోట ఆ చుక్క స్టేషన్లనే పడాలె. స్టేషనుకూ స్టేషనుకూ నడుమ పడితే..."

మాట ఆపేశాడు. చెప్పనక్కర్లేకపోయింది. కోడలు ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది. ఒక చుక్క ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకోవడం ఎందుకో దానికి అర్థమైంది. నాకూ అర్థమైంది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. ఒకే ఇంట్లో ఒకే విద్య. మా తాతకు ఉర్దూలో వచ్చింది. నాకు తెలుగులో వచ్చింది. కోడలికి ఇంగ్లీషులో వస్తోంది. నిజాం కాలపు బడిలోనే చదివి, మంథని నుంచి శాసనసభకు వెళ్లిన పి.వి.నరసింహారావు గారు 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమికి తొలి అధ్యక్షులయ్యారు. కాలేజీ చదువుల పుస్తకాలు తెలుగులో రావాలని పెట్టిన సంస్థ అది. పై చదువు తల్లి భాషలోకి రావడానికి అంత కాలం పట్టింది. నా వరకు వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. దయగల ఒక్క మాట విని నేనే లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చాను. అమ్మకు తలుపున్నదనే ఎవరూ చెప్పలేదు.

తెల్లవారి కోడలు పరీక్షకు పోయాక గళ్ల కాగితం తీసుకుని ఆ రెండు గీతలూ నా చేత్తో నేనే గీశాను. చుక్క పెట్టాను. వణికింది కాని సరైన చోటే పడింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, ఆ చుక్క మీద వేలు పెట్టింది.

"గిది నేను చెప్పిందే గద!"

"అవునమ్మా, నువ్వు చెప్పిందే. దీన్ని రేఖీయ సమీకరణాల జత అంటరు."

అమ్మ ఆ మాటను మెల్లగా ఒకసారి అనుకుంది. "నాకు వచ్చినదానికి గింత పెద్ద పేరున్నదని ఇన్ని దినాలు ఎవ్వరు చెప్పకపోతిరి" అంది.

కాగితం మడవకుండా అమ్మ ముందుకు జరిపాను. "కూసో అమ్మా, ఇంకొకటి చేద్దాం" అన్నాను.